వాలెట్టాలో మమ్మల్ని నడవనివ్వండి: క్రూయిజ్ టూర్లు నడిపే తెలుగు ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖపట్నం నుంచి మనవాళ్ళను మధ్యధరా సముద్రం క్రూయిజ్‌కి తీసుకెళ్ళే నిర్వాహకులు, టూర్ మేనేజర్లు మీరు. వీసా ఫారాలు నింపడం దగ్గర్నుంచి ఓడలో ఉల్లి, వెల్లుల్లి లేని కూర చెప్పించడం దాకా మీరు పడే శ్రమ నేను దగ్గరగా చూశాను. మా అమ్మలాంటి వాళ్ళు ఆ వయసులో యూరప్ గడ్డ మీద కాలు పెట్టగలిగారంటే అది మీవల్లే. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడగదలచుకున్నది ఒక్కటే. మాల్టా రాజధాని వాలెట్టాలో ఓడ ఆగే రోజున మమ్మల్ని పొద్దున్నే బస్సెక్కించకండి. ఆ రోజు ఊళ్ళో నడవనివ్వండి.

అన్ని రేవుల్లోనూ ఇలా అడగను. టికెట్ మీద రోమ్ అని ఉన్నా ఓడ ఆగేది చివితవెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ చూడాలంటే లివోర్నోలో దిగి గంటకు పైగా ప్రయాణం చెయ్యాలి. అలాంటి చోట్ల బస్సు తప్పదు. మీరు పెట్టే బస్సు మాకు కొండంత అండ. కానీ వాలెట్టాలో ఓడ వచ్చి ఆగేదే ఊరి కోటగోడ కింద. రేవు గేటు దాటగానే, అప్పట్లో మాల్టాను ఏలిన నైట్స్ అనే క్రైస్తవ యోధుల సంఘానికి పెద్ద అయిన గ్రాండ్ మాస్టర్ పింటో పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో కట్టించిన పాత గిడ్డంగుల వరస కనిపిస్తుంది. వాటి తలుపులకు నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. ఆ గిడ్డంగులు దాటి కాస్త ముందుకు నడిస్తే కోటగోడను ఆనుకుని లిఫ్ట్ ఉంది. 58 మీటర్ల ఎత్తు. 2012 చివర్లో తెరిచారు. అది ఎక్కితే అర నిమిషంలో ఊరి నడినెత్తిన ఉంటాం. ఊరి పొడవు సుమారు కిలోమీటరు, వెడల్పు ఆరేడు వందల మీటర్లు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం వాకింగ్ చేసే పెద్దవాళ్ళు ఒక్కపూట నడిచే దూరం కూడా ఉండదు. అంత దగ్గర ఊరికి బస్సెందుకు చెప్పండి?

మా గ్రూపులో ఏం జరిగిందో చెబుతాను. ట్రావెల్స్ పేరు రాయను, ఎందుకంటే ఆ ఒక్కరి పద్ధతే కాదిది, బ్రోషర్లన్నీ దాదాపు ఇలాగే ఉంటున్నాయి. పొద్దున టిఫిన్ అవగానే బస్సు. ముందు మోస్తా చర్చి. తర్వాత పాత రాజధాని మ్దీనా. అక్కడి నుంచి గాజు సామాన్లు తయారుచేసే చోటికి తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఎక్కడో దూరంగా ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం. చివరికి వాలెట్టా ఊరి గేటు బయట ట్రిటన్ ఫౌంటెన్ దగ్గర దించి, "గ్రూప్ ఫొటో అయ్యాక నలభై నిమిషాలు టైం, ఇక్కడికే రండి" అన్నారు. ఆ నలభై నిమిషాల్లో సగం బాత్రూమ్ వెతుక్కోవడానికే సరిపోయింది. మిగతా సగంలో ఫ్రిజ్‌కి అంటించే మాగ్నెట్లు కొన్నాం.

మ్దీనా బాగుండదని అనడం లేదు. మోస్తా గుమ్మటం కూడా చూడదగ్గదే. 1942 ఏప్రిల్ 9న ఆ గుమ్మటాన్ని చీల్చుకుని లోపల పడిన బాంబు పేలలేదు, అప్పుడు లోపల ప్రార్థన కోసం చేరిన జనం ప్రాణాలతో బయటపడ్డారు. మనవాళ్ళకు అలాంటి సంగతి మనసుకు హత్తుకుంటుంది. కానీ మాల్టాలో ఒక్కరోజే ఉండేవాళ్ళకు, కాళ్ళ ముందున్న ఊరిని వదిలేసి పొద్దంతా బస్సు అద్దాల్లోంచి రోడ్డు చూపించడం న్యాయం కాదు. ఆ సాయంత్రం ఓడ కదిలేటప్పుడు మాతో వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు డెక్ మీద నిలబడి, కోటగోడ పైన తోట, తోరణాలు, దూరంగా గుమ్మటాలు చూస్తూ "అమ్మాయ్, ఇంతకీ ఆ గోడ వెనక ఏముంది?" అని అడిగారు. ఆయన ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. పొద్దున్నుంచి ఆ గోడ పక్కనే ఉండి కూడా దాని వెనక ఏముందో తెలియకుండానే వెళ్ళిపోవాల్సి వచ్చింది.

ఆయనకు అప్పుడు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. తర్వాత అమ్మతో మళ్ళీ ఆ రేవుకి వెళ్ళినప్పుడు ఆ రోజంతా మేమిద్దరం నడిచే చూశాం.

ముందు ఓడ లోపలికి వచ్చే సమయం. గ్రాండ్ హార్బర్‌లోకి ఓడ పొద్దున్నే ప్రవేశిస్తుంది. ఆ టైంలో మన గ్రూపులు టిఫిన్ క్యూలో ఉంటాయి. దయచేసి ముందురోజు రాత్రే చెప్పండి, అలారం పెట్టుకుని డెక్ మీదకు రమ్మనండి. ఓడ లోపలికి వచ్చేటప్పుడు కుడివైపు వాలెట్టా, ఎడమవైపు మూడు పాత ఊళ్ళు, వాటి ముందు సెయింట్ ఏంజెలో కోట. రేవు మొదట్లో కుడివైపు కనిపించేది సెయింట్ ఎల్మో కోట. 1565 మే నెలలో ఆటోమన్ సైన్యం మాల్టా మీదకు వచ్చినప్పుడు మొదట దాడి జరిగింది ఈ కోట మీదే. నెలరోజులు నిలబడి జూన్ 23న పడిపోయింది. మిగతా కోటలు పడలేదు. సెప్టెంబర్ 8కి ముట్టడి ముగిసింది. ఆ తేదీన మాల్టాలో ఇప్పటికీ సెలవు. ఈ నాలుగు మాటలు డెక్ మీద నిలబడి వింటే, ఎదురుగా ఉన్న రాళ్ళకు అర్థం వస్తుంది. అదే మాటలు బస్సు మైకులో వింటే నిద్ర వస్తుంది.

ముట్టడి అప్పటికి ఇక్కడ ఊరు లేదు, ఉత్త రాతి గుట్ట. మళ్ళీ శత్రువు వస్తే ఎలాగని భయపడి, నైట్స్ సంఘానికి పెద్దగా ఉన్న గ్రాండ్ మాస్టర్ జాన్ డి వలెట్ 1566 మార్చి 28న శంకుస్థాపన చేశాడు. ఊరికి ఆయన పేరే వచ్చింది. పోప్ పంపిన ఇంజనీరు ఫ్రాంచెస్కో లపరెల్లి వీధుల ప్లాన్ గీస్తే, ఇక్కడివాడే అయిన జిరోలామో కస్సార్ ముఖ్యమైన కట్టడాలు కట్టాడు. వీధులన్నీ గీత గీసినట్టు సూటిగా ఉంటాయి. ఊరి మధ్యలో ఎక్కడ నిలబడి ఏ అడ్డవీధిలోకి తొంగి చూసినా, ఆ చివర సముద్రం. ఎండాకాలంలో సముద్రపు గాలి ఊళ్ళోకి రావాలన్నదీ ఆ ప్లాన్‌లో ఒక ఉద్దేశం. ఇల్లు కట్టుకునేవాడికి షరతులుండేవి: ఇంటి కింద వాననీటి తొట్టి ఉండాలి, మురుగునీరు ఊరి కాలవలోకి కలపాలి, వీధి మూల మీద ఇల్లయితే ఆ మూలను అందంగా చెక్కించాలి. అందుకే ఇప్పటికీ వీధి మలుపుల్లో గోడకు తొలిచిన గూళ్ళు, వాటిలో సాధువుల విగ్రహాలు కనిపిస్తాయి. నాలుగున్నర శతాబ్దాల కింద మురుగునీటి గురించి ఆలోచించి కట్టిన ఊరు! మన మున్సిపాలిటీలో పనిచేసినవాళ్ళెవరైనా గ్రూపులో ఉంటే ఈ ముక్క ఒక్కదానికే పొంగిపోతారు. అలాంటి ఊరిని 1980లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారంటే ఆశ్చర్యం ఏముంది.

లిఫ్ట్ దిగితే అప్పర్ బరక్కా తోట. రాతి తోరణాల కింద నిలబడితే రేవంతా కనిపిస్తుంది, కింద మన ఓడ కూడా. కింది అంచెలో ఫిరంగుల వరస ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఒకటి పేలుస్తారు. పాత రోజుల్లో రేవులో ఉన్న ఓడలు దాన్ని బట్టే గడియారాలు సరిచేసుకునేవి. మా అమ్మ ఆ చప్పుడికి ఉలిక్కిపడి, వెంటనే పక్కనున్న ఇటలీ ముసలావిడ చెయ్యి పట్టుకుని నవ్వింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చాలాసేపు అలాగే బెంచీ మీద కూర్చున్నారు.

తోట నుంచి ఐదారు నిమిషాల నడకలో సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చి. వాలెట్టాలో ఒక్కటే చూడగలమంటే చూడాల్సింది ఇదే. 1570ల్లో కస్సార్ కట్టాడు. బయటి నుంచి చూస్తే పాతకాలపు కచేరీ భవనంలా బోసిగా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు చెదురుతాయి. గోడలన్నీ బంగారు పూత వేసిన చెక్కడాలు. పైకప్పంతా మత్తియా ప్రేతి అనే చిత్రకారుడు 1660ల్లో రాతి మీదే నూనెరంగులతో వేసిన బొమ్మలు. కానీ మా అమ్మ పైకి చూడనే లేదు, ఆవిడ చూపంతా నేల మీదే. నేలంతా రంగురంగుల పాలరాతి సమాధి పలకలు, సుమారు నాలుగు వందలు. ఒక్కో పలక కింద ఒక్కో నైట్. పలక మీద అతని వంశ చిహ్నం, కత్తులు, జెండాలు, కొన్నిటి మీద గంట పట్టుకున్న అస్థిపంజరం, రెక్కలున్న గడియారం. "సమాధుల మీద కాలు పెట్టడమేంటే, పాపం కాదూ?" అని అమ్మ గోడవారగానే నడిచింది. అక్కడి ఉద్యోగి ఆవిడ ఇబ్బంది గమనించి, ఎక్కడ చాపలు పరిచారో చూపించి అటు నడిపించాడు. అలాంటి సంగతులు ముందే చెబితే పెద్దవాళ్ళు మనసు కుదుటపరుచుకుని చూస్తారు. భుజాలు కప్పుకోవాలి, సన్నటి హీల్స్ వేసుకుంటే రానివ్వరు, ఆదివారం సందర్శకులకు తెరవరు. ఇవీ ముందే చెప్పాల్సినవే.

ఆ చర్చి పక్క గదిలో కరవాజ్జో బొమ్మ ఉంది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది క్రూయిజ్‌వాళ్ళు దీని పక్కనుంచే వెళ్ళిపోతారు. రోమ్‌లో 1606లో ఒక మనిషిని చంపి పారిపోయిన చిత్రకారుడు కరవాజ్జో. మరుసటి ఏడు మాల్టా చేరాడు. 1608లో నైట్ అయ్యాడు. ఆ సంవత్సరమే, యేసుకు బాప్తిస్మమిచ్చిన యోహాను శిరచ్ఛేదం బొమ్మ వేశాడు. మూడున్నర మీటర్లకు పైగా ఎత్తు, ఐదు మీటర్లకు పైగా వెడల్పు. ఆయన బొమ్మల్లో ఇంతకంటే పెద్దది లేదు. కాన్వాస్‌లో సగానికి సగం ఉత్త జైలు గోడ, చీకటి. మనుషులంతా ఒక మూలకు ఒదిగి ఉన్నారు. తల ఇంకా పూర్తిగా తెగలేదు, తలారి వీపు వెనక దాచిన చిన్న కత్తి కోసం చెయ్యి పెడుతున్నాడు. పళ్ళెం పట్టుకున్న అమ్మాయి వంగి ఎదురుచూస్తోంది. పక్కనున్న ముసలావిడ ఒక్కతే తల పట్టుకుంది. నేల మీద కారిన రక్తంలోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం ఉన్న బొమ్మ ఇదొక్కటే. కొన్ని నెలలకే గొడవలో ఇరుక్కుని, సెయింట్ ఏంజెలో కోటలో ఖైదయ్యి, అక్కడి నుంచి తప్పించుకుని పారిపోయాడు. డిసెంబర్ 1న నైట్స్ అందరూ సమావేశమై అతన్ని సంఘం నుంచి వెలివేశారు. ఆ సమావేశం జరిగింది ఈ గదిలోనే, ఈ బొమ్మ ముందే.

ఈ కథ తెలుగులో చెప్పేవాళ్ళుంటే ఏ పెద్దాయనైనా, ఏ అమ్మమ్మైనా ఆ బొమ్మ ముందు పావుగంట నిలబడతారు. "మనవాళ్ళకు పెయింటింగులు పట్టవు" అని ఒక టూర్ మేనేజర్ నాతో అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. తోలుబొమ్మలాట ముందు తెల్లారిందాకా కూర్చున్న జనం మనవాళ్ళు, బొమ్మలో కథ వెతకడం వాళ్ళకు ఒకరు నేర్పాలా? ఆగి చూసే టైం ఇవ్వాలి, అంతే.

చర్చి బయటికి వస్తే రిపబ్లిక్ స్ట్రీట్. ఊరి గేటు నుంచి సెయింట్ ఎల్మో దాకా తిన్నగా పోయే పెద్ద వీధి. చాలా భాగంలో వాహనాలుండవు. ఊరి గేటు వైపు వెళ్తే రాతి స్తంభాలు మాత్రమే మిగిలిన ఒక పెద్ద కట్టడం ఉంటుంది. అది 1866లో తెరిచిన ఒపేరా హౌస్. 1942 ఏప్రిల్ 7న బాంబులకు కూలిపోయింది. దాన్ని మళ్ళీ కట్టకుండా, శిథిలాల మధ్యనే ఆరుబయట నాటకశాల చేశారు. పక్కనే ఉన్న కొత్త పార్లమెంటు భవనం, ఆ ఊరి గేటు ఇటలీ ఆర్కిటెక్ట్ రెంజో పియానోవి. అక్కడివాళ్ళలో చాలామందికి పాత ఒపేరా హౌస్‌ని ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కట్టాల్సిందన్న బాధ ఇప్పటికీ ఉంది. నాకైతే ఆ మొండి స్తంభాలు అలా వదిలేయడమే బాగుందనిపించింది. ఏ పుస్తకమూ చదవని మనిషికి కూడా యుద్ధం ఏం చేసిందో అవి చెబుతాయి.

యుద్ధం సంగతి వచ్చింది కాబట్టి, మన గ్రూపులకు తప్పక చెప్పాల్సిన తేదీ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల ముట్టడిలో చిక్కుకుని, 1942లో మాల్టా తిండి లేక, చమురు లేక లొంగిపోయే స్థితికి వచ్చింది. ఆగస్టులో 14 సరుకుల ఓడలు గట్టి కాపలాతో బయల్దేరితే ఐదే చేరాయి. ఆఖరిది ఒహాయో అనే చమురు ఓడ. దెబ్బలు తిని మునిగిపోతున్నదాన్ని రెండు యుద్ధనౌకలు చెరోవైపు కట్టుకుని ఈ రేవులోకి మోసుకొచ్చాయి. ఆ రోజు ఆగస్టు 15. మనవాళ్ళు ఆ తేదీ ఎలా మర్చిపోతారు? మన ఓడ లంగరేసింది కూడా ఆ నీళ్ళలోనే. ఈ రెండో ముట్టడిలో చనిపోయినవాళ్ళ కోసం 1992లో లోయర్ బరక్కా తోట దగ్గర పెద్ద గంట కట్టారు. మధ్యాహ్నం పూట మోగుతుంది.

మన దేశంతో బంధం కూడా ఉంది. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా నుంచి సుమారు 7,000 మంది సైనికులను ఓడల్లో మాల్టాకి తెచ్చింది. అందులో మద్రాసు సైన్యం పటాలం కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సింధీ వ్యాపారులు వచ్చి ఇక్కడ పట్టుబట్టల, వింత వస్తువుల దుకాణాలు పెట్టారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు. ఈ మధ్యకాలంలో ఉద్యోగాలకు వచ్చిన భారతీయులైతే బస్సు డ్రైవర్లుగా, నర్సులుగా, ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళుగా ఎక్కడపడితే అక్కడ కనిపిస్తారు. పైగా ఇక్కడ ఇంగ్లీషు కూడా అధికార భాషే. దారి అడగాలంటే భయపడాల్సిన పనే లేదు.

ఇక మీరు చెప్పే ఇబ్బందుల దగ్గరికి వస్తాను. అవి నిజమైనవే, కొట్టిపారేయను.

మొదటిది మోకాళ్ళు. వాలెట్టాలో రేవు వైపు దిగే అడ్డవీధులు చాలావరకు మెట్లే. ఏళ్ళ తరబడి నడిచి నున్నబడిన రాయి, వాన పడితే జారుతుంది. ఇది దాచిపెట్టి "ఈజీ వాక్" అని బ్రోషర్‌లో రాయకండి. కానీ దారి సరిగ్గా ఎంచుకుంటే మెట్లు ఎక్కాల్సిన అవసరమే రాదు. లిఫ్ట్‌లో పైకి వెళ్ళి తోట, చర్చి, గ్రాండ్ మాస్టర్ ప్యాలెస్ ముందున్న చౌక్ దాకా దాదాపు చదునే. అక్కడి నుంచి సెయింట్ ఎల్మో వైపు దిగుడు, అంటే తిరిగి రావడం ఎక్కుడు. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ చౌక్‌లోనే ఆగిపోయి కాఫీ తాగి, అదే లిఫ్ట్‌లో దిగి రావచ్చు. ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా వెళ్ళొచ్చు. ఒకే గ్రూపు, రెండు నడకలు. బస్సులో ఈ వెసులుబాటు ఎక్కడుంది? ఒకరికి కాలు నొప్పెడితే నలభై మందీ ఆగాలి.

రెండోది తిండి. నిజానికి వాలెట్టాలో ఈ టెన్షనే లేదు. ఓడ కాళ్ళ దగ్గరే ఉంది కదా! పొద్దున నడిచి, ఎండ ముదిరేసరికి ఓడకి వచ్చి పప్పన్నం తిని, కాస్త నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ పైకి వెళ్ళొచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ తేనెరంగు రాళ్ళు మధ్యాహ్నం పెనంలా కాలతాయి, ఆ వేళకి నీడన ఉండటమే మంచిది కూడా. దూరాన ఉన్న ఇండియన్ రెస్టారెంట్ కోసం గంటన్నర బస్సులో తిరగడం కంటే ఇది ఎంత హాయి! అక్కడి తిండి రుచి చూడాలనుకునేవాళ్ళకు పస్తిజ్జీ ఉంది. పొరలు పొరలుగా కరకరలాడే చిన్న పఫ్, లోపల రికోట్టా జున్ను గానీ బఠాణీ ముద్ద గానీ పెడతారు. బఠాణీ దాంట్లో చాలామంది కర్రీ పౌడర్ వేస్తారు, మన నాలుకకి వెంటనే నచ్చుతుంది. పిండిలో కొన్నిచోట్ల పందికొవ్వు వాడతారు కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి. ఈ మాట గ్రూపులో మీరే ముందు చెప్పాలి, తిన్న తర్వాత తెలిస్తే పెద్దవాళ్ళు చాలా బాధపడతారు.

మూడోది, ఓడ తప్పిపోతుందన్న భయం. ఇది మిగతా రేవుల్లో న్యాయమైన భయం. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు. కానీ వాలెట్టాలో దారి తప్పాలన్నా కష్టమే. అడ్డవీధుల్లో ఎటు వెళ్ళినా ఏదో ఒక వైపు సముద్రం తగులుతుంది, కోటగోడ మీదకు వస్తే ఓడ కనిపిస్తుంది. ఒక మనిషిని పైన లిఫ్ట్ దగ్గర, ఒకరిని కింద గేటు దగ్గర నిలబెట్టండి. ఓడ కదలడానికి రెండు గంటల ముందు తోటలో కలుద్దామని చెప్పండి. వాట్సాప్ గ్రూపులో లొకేషన్ పెట్టండి. చాలు.

నాలుగోది మీరు పైకి చెప్పరు గానీ అందరికీ తెలిసిందే. బస్సు, భోజనం, షాపు, వీటి మీద వచ్చేదే మీకు మిగిలేది. మీ వ్యాపారం దెబ్బతినాలని నేను కోరుకోను. అక్కడ లైసెన్స్ ఉన్న స్థానిక గైడ్లు దొరుకుతారు. రెండు గంటల సేపటికి ఒకరిని మాట్లాడి, పక్కన మీ టూర్ మేనేజర్ తెలుగులో చెబుతూ నడిపిస్తే, దానికి మేం సంతోషంగా డబ్బిస్తాం. టీవీలో కనిపించే చోటు ఒకటి చూసి రావడానికి కాదు మనవాళ్ళు లక్షలు పోసి వస్తున్నది. రిటైరయ్యాక వచ్చిన డబ్బు, పిల్లలు అమెరికా నుంచి పంపిన డబ్బు పెట్టుకుని, జీవితంలో ఒక్కసారి వస్తున్నారు. వాళ్ళకి ఇచ్చే రోజు వాళ్ళదిగా ఉండాలి.

ఇంకో విన్నపం, ఇది అక్కడి జనం తరఫున. వాలెట్టాలో ఉండేది ఐదారు వేల మందే. పెద్ద ఓడలు రెండొస్తే ఆ ఊరి జనాభాకి మించి మనుషులు ఒక్కసారి దిగుతారు. స్ట్రెయిట్ స్ట్రీట్ లాంటి సన్న వీధుల్లో ఇళ్ళ గుమ్మాలు వీధిలోకే తెరుచుకుంటాయి. తలుపులకు చేప ఆకారంలో, తలుపు తట్టే ఇత్తడి పిడులు ఉంటాయి, అటూ ఇటూ ఒకటి. ఒక పెద్దాయన పంచె ముక్కలాంటి పాత గుడ్డతో, నిమ్మచెక్కతో ఆ పిడిని తోముతుంటే మేం ఆగి చూశాం. అమ్మ తన ధోరణిలో చింతపండు అయితే ఇంకా బాగా మెరుస్తుందని చెప్పమంది, చెప్పాను. ఆయన ఆసక్తిగా విని ఆ పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. నలభై మంది జెండా వెనక స్పీకర్ పెట్టుకుని ఆ వీధిలోకి వస్తే ఆ పెద్దాయన తలుపేసుకుంటాడు. అందుకే పదేసి మంది చొప్పున విడగొట్టండి. మైకు వద్దు, గట్టిగా అరవద్దు. పైన చెక్క బాల్కనీల్లో ఆరేసిన బట్టలకు, కిటికీల్లోంచి ఇళ్ళ లోపలికి ఫొటోలు తీయవద్దని చెప్పండి.

సాయంత్రం ఓపిక మిగిలినవాళ్ళకు దైసా పడవ ఉంది. లిఫ్ట్ దిగాక నీటి ఒడ్డున ఆగే రంగుల చిన్న పడవ. కొద్ది యూరోలిస్తే రేవు దాటించి అవతలి బిర్గూ ఊరికి తీసుకెళ్తాడు. 1565 ముట్టడి జరిగినప్పుడు నైట్స్ ఉన్నది ఆ ఊళ్ళోనే, రాజధాని వాలెట్టాకి మారింది 1571లో. గోదావరి మీద నాటు పడవ ఎక్కినవాళ్ళకు భయం ఉండదు గానీ, మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. అక్కడి నుంచి వెనక్కి చూస్తే వాలెట్టా మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది.

వచ్చే సీజన్ బ్రోషర్లు అచ్చుకు వెళ్ళే ముందు ఆ ఒక్క పేజీ మార్చండి. "మాల్టా: ఫుల్ డే పనోరమిక్ టూర్" అన్నచోట "వాలెట్టా: కాలినడక" అని రాసి, మ్దీనా బస్సును కావాలనుకునేవాళ్ళకు వేరే ధరకు పెట్టండి. ఏ వారం ఓడ ఆదివారం ఆగుతుందో చూసుకుని, ఆ వారం చర్చి ఉండదని ముందే చెప్పండి. నేను నడిచిన దారి, ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ బెంచీలున్నాయి, ఎక్కడ బాత్రూమ్‌లున్నాయి అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మీలో ఎవరికి కావాలన్నా ఇస్తాను. మీ పేరు, మీ ట్రావెల్స్ బొమ్మ వేసుకుని అచ్చు వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ గ్రూపుల్లో వచ్చే ఒక ప్రయాణికురాలు